గెలుపు గీత కంటే దారి మీదే వాదం: ‘మారియో కార్ట్ వరల్డ్’పై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

సంక్రాంతి సెలవులకు విదేశాల నుంచి వచ్చిన బంధువులతో పాటు చాలా ఇళ్లలోకి నింటెండో సంస్థ వీడియో ఆటల యంత్రం స్విచ్ 2 కూడా వచ్చినట్టుంది. ఈసారి అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే ఆట గురించి ఉన్నాయి. 2025 జూన్ 5న ఆ యంత్రంతో పాటే విడుదలైన ‘మారియో కార్ట్ వరల్డ్’ అనే బండ్ల పందెం ఆటను సమీక్షకులు ఎందుకు ఒకే నోటితో మెచ్చుకోలేకపోయారన్నది వాటి సారాంశం. అందుకే ఈ నెల శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మెటాక్రిటిక్‌లో ఈ ఆటకు 86 మార్కులు వచ్చాయని చూశాను. దీనికి ముందు వచ్చిన ‘మారియో కార్ట్ 8 డీలక్స్’కు 92 వచ్చాయి. అంటే కొత్తది పాతదానికంటే తక్కువ స్థాయిదని విమర్శకులు తేల్చినట్టేనా? — ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పదో తరగతి మార్కుల జాబితాను చూసినట్టు ఈ అంకెలను చూడటం మనకు అలవాటైపోయింది కానీ, ఈ రెండు అంకెలు ఒకే పరీక్షలో వచ్చినవి కావు. మెటాక్రిటిక్ ఇచ్చేది వివిధ పత్రికలు, వెబ్‌సైట్లు వేసిన మార్కుల సగటు. ఆ సగటులో ఏ సంస్థ మాటకు ఎంత బరువు ఇస్తారో వారు బయటపెట్టరు. పైగా మీరు పోల్చిన ‘8 డీలక్స్’ సరికొత్త ఆట కాదు. 2014లో నింటెండో పాత యంత్రం వీ యూకు వచ్చిన ‘మారియో కార్ట్ 8’కే మెరుగులు దిద్ది 2017లో స్విచ్ మీదికి తెచ్చారు. మొదటిసారి వచ్చినప్పుడు దానికి 88 మార్కులే దక్కాయి. పందెం దారుల మీదే యుద్ధం ఆడించిన అప్పటి బ్యాటిల్ మోడ్‌ను, అంటే ఆయుధాలతో ఒకరినొకరు కొట్టుకునే పోటీని, అందరూ తప్పుపట్టారు. మూడేళ్ల తరువాత దానిని సరిదిద్ది, ఆటగాళ్లు కోరినవి చేర్చి తెచ్చారు కాబట్టి 92 వచ్చాయి. కాబట్టి కొత్త ఆటను పోల్చవలసినది 88తో, ఆ తేడా రెండు మార్కులే.

ఈ వరుసలోనే మరొక ఉదాహరణ ఉంది. 2008లో వచ్చిన ‘మారియో కార్ట్ వీ’కి సగటు 82 మాత్రమే. అయినా అది మూడున్నర కోట్లకు పైగా ప్రతులు అమ్ముడై, ఒక తరం పిల్లలకు ఇంటి ఆటగా నిలిచిపోయింది. మార్కులు చూసి ఆట కొనేవారు ఆ సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఇక 86 అనే అంకె దాచిపెడుతున్న విషయానికి వద్దాము. ఈ ఆట గురించి విమర్శకులు దాదాపుగా ఏకీభవించినవి మూడు: చూడముచ్చటగా ఉన్న దృశ్యాలు, పాత మారియో ఆటల పాటలను కొత్త వాద్యాలతో మలచిన రెండు వందలకు పైగా సంగీత ఖండికలు, ‘నాకౌట్ టూర్’ అనే కొత్త పోటీ. పేచీ అంతా వచ్చినది ఆ ‘వరల్డ్’ అన్న మాట దగ్గరే. పందెం దారులన్నిటినీ కలిపి ఒకే పెద్ద ప్రపంచంగా పరచడం వల్ల పందేనికి మేలు జరిగిందా, లేదా అన్న ప్రశ్నకు ఒకరు జరిగిందన్నారు, మరొకరు లేదన్నారు, చాలామంది సగం సగం అన్నారు. ఆటల సమీక్షల వెబ్‌సైట్ ఐజీఎన్ ఇచ్చిన పదికి ఎనిమిది అటువంటి సగం సగం మాటే. ఇటువంటి రెండు వాదాలను కలిపి సగటు తీస్తే ఏ ఒక్కరి అభిప్రాయమూ కాని అంకె వస్తుంది.

ప్రశ్న: దారులన్నీ కలిపారు, ప్రపంచం పెద్దది చేశారు, అందులో తప్పేముంది? సమీక్షలలో అందరూ ‘మధ్యలో వచ్చే రోడ్లు’ అని సణుగుతున్నారు. ఆ సణుగుడు ఏమిటో ఆట తెలియనివారికి అర్థమయ్యేలా చెప్పగలరా? — ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరడిగినదే అసలు ప్రశ్న కాబట్టి కొంచెం విస్తారంగా చెప్పాలి.

1992లో నింటెండో పాత యంత్రం సూపర్ ఫామికామ్ మీద వచ్చిన మొదటి ‘సూపర్ మారియో కార్ట్’ నుంచి ఈ ఆటల పద్ధతి ఒక్కటే. ఎనిమిది మందో పన్నెండు మందో ఒక చుట్టుదారిలో పోటీపడతారు. సాధారణంగా మూడు చుట్లు తిరిగితే పందెం ముగుస్తుంది. అటువంటి నాలుగు పందేలు కలిస్తే ఒక కప్పు (ఆ మొదటి ఆటలో మాత్రం చుట్లూ ఐదే, పందేలూ ఐదే). మొదటి చుట్టులో దారి తెలుస్తుంది, రెండవ చుట్టులో మలుపులు చేతికి అలవాటవుతాయి, మూడవ చుట్టులో అంతకుముందు చేసిన పొరపాటును దిద్దుకునే అవకాశం దొరుకుతుంది. ఒకే దారిని మూడుసార్లు తిరగడం విసుగు పుట్టించదు, పైగా నేర్పు పెరగడానికి తోడ్పడుతుంది. ఒక కృతిని వల్లెవేసిన వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

‘వరల్డ్’లో కప్పుల కోసం ఆడే గ్రాండ్ ప్రి పోటీ ఈ పద్ధతిని మార్చింది. కప్పులో మొదటి పందెం మాత్రమే పాత పద్ధతిలో మూడు చుట్లు సాగుతుంది. రెండవ పందెం నుంచి, ముందు పందెం ముగిసిన చోట బయలుదేరి, పెద్ద రోడ్డు వెంట తరువాతి పందెం దారికి చేరి, అక్కడ ఒక చుట్టు మాత్రమే తిరిగి ముగించాలి. అంటే పందెంలో ఎక్కువ భాగం రెండు చోట్లను కలిపే రోడ్డు మీదే గడిచిపోతుంది. రూపకర్తలు ఎంతో శ్రద్ధగా తీర్చిదిద్దిన అసలు దారి చివర్లో ఒక్కసారి కళ్లముందు మెరిసి మాయమవుతుంది. పెళ్లివారింటికి పిలిచి భోజనం దారిలోనే బస్సులో పెట్టినట్టు ఉందని నాకనిపించింది.

ఆ రోడ్లు చెడ్డవని కాదు, ఎక్కువగా తిన్ననివి, వెడల్పైనవి. ఇక్కడే సాంకేతికమైన చిక్కు ఉంది. ఈ ఆటలలో నేర్పుకు ఆయువుపట్టు డ్రిఫ్ట్. మలుపు దగ్గర బండిని పక్కకు జార్చి పట్టుకుంటే చక్రాల కింద నిప్పురవ్వలు పుడతాయి, ఎంతసేపు పట్టుకుంటే వాటి రంగు అంతగా మారుతుంది, వదలగానే బండి ఒక్కసారి ముందుకు దూకుతుంది. మలుపు లేనిచోట డ్రిఫ్ట్ చేయడానికి ఏమీ ఉండదు. తిన్నని రోడ్డు మీద నేర్పరికీ నేర్చుకునేవాడికీ తేడా తగ్గిపోతుంది. ఈ సంగతి రూపకర్తలకు తెలియదని అనుకోలేము. బటన్ నొక్కి పట్టి బలం పుంజుకుని ఎగిరే చార్జ్ జంప్, రోడ్డు పక్క కమ్మీల మీదికి ఎక్కి జారే విద్య, గోడల మీద నడిచే విద్య ఈసారే కొత్తగా చేర్చారు. అవి తిన్నని దారిలో కూడా చేతికి పని కల్పించడానికి పుట్టినవని నా అభిప్రాయం. ఈ విద్యలు పట్టుబడిన వారికి ఆ రోడ్లు వేరుగా కనబడతాయి. కమ్మీ మీద నుంచి గోడ మీదికి, అక్కడి నుంచి కరెంటు తీగ మీదికి దూకుతూ పోయేవారిని చూస్తే ఆ మాట ఒప్పుకోక తప్పదు. అయితే ఆ విద్య పట్టుబడటానికి వారాలు పడుతుంది. ఆట వాటిని నేర్పే తీరు కూడా అంత స్పష్టంగా లేదు. సమీక్ష రాయవలసిన వ్యక్తికి సాధారణంగా అంత వ్యవధి ఉండదు.

ప్రపంచం ముందు పుట్టి రోడ్లు తరువాత వచ్చాయన్నది కూడా తెలుసుకోదగిన సంగతి. నిర్మాత కొసుకే యబుకి, ప్రోగ్రామింగ్ దర్శకుడు కెంటా సాటో తదితరులు విడుదలకు ముందు నింటెండో ప్రచురించిన సంభాషణలో వివరించిన ప్రకారం, ఈ ఆట తొలి నమూనా పని 2017 మార్చిలోనే, అంటే ‘8 డీలక్స్’ అంగట్లోకి రాకముందే మొదలైంది. విడివిడి దారులతో చేయగలిగినది పాత ఆటలోనే పూర్తయిందనీ, ఇక పెద్ద ప్రపంచంలో నడిపించాలనీ వారు భావించారు. విశాలమైన ఆ ప్రపంచంలో అక్కడక్కడా పోటీలు జరుగుతూ ఉండాలంటే పోటీదారులు ఎక్కువమంది కావాలి కాబట్టి పన్నెండును ఇరవై నాలుగు చేశారు. అదంతా పాత స్విచ్ యంత్రం మోయలేకపోతుంటే, 2020 ప్రాంతంలో పనిని కొత్త యంత్రానికి మార్చారు. ఇరవై నాలుగు బండ్లు ఒకేసారి పోవాలంటే రోడ్డు వెడల్పు కావాలి. రోడ్డు వెడల్పయితే మలుపు పదును తగ్గుతుంది. ఒక నిర్ణయం వెంట మరొకటి ఇలా వచ్చాయని ఆట ఆడుతుంటే నాకు తోచింది.

ఆ రోడ్లకు సార్థకత దొరికిన చోటు ఒకటుంది, అది నాకౌట్ టూర్. ఆరు దారులను కలుపుతూ సాగే ఏకబిగి పందెం అది. మధ్యలో ఐదు తనిఖీ గీతలు ఉంటాయి. ఒక్కో గీత దగ్గర చివరి నలుగురూ వైదొలగాలి. ఇరవై నాలుగు మంది ఇరవై అవుతారు, ఆపైన పదహారు, పన్నెండు, ఎనిమిది, చివరికి నలుగురే గెలుపు గీత వైపు సాగుతారు. గ్రాండ్ ప్రిలో విసుగు పుట్టించిన అదే తిన్నని రోడ్డు ఇక్కడ గుండె దడ పుట్టిస్తుంది. మొదటి గీత దగ్గర ఇరవై ఒకటవ స్థానంలో ఉన్నవాడికి ముందున్న ఒక్క బండిని దాటడమే లోకమంతా. ముందువరుసలో ఒకటి రెండు స్థానాల కోసం జరిగే పోటీ వెనకవరుసకు కూడా వచ్చింది. విమర్శకులు దీనిని మెచ్చుకోవడంలో పిసినారితనం చూపలేదు. నా లెక్కలో ‘వరల్డ్’ అంటే ఈ పోటీయే, గ్రాండ్ ప్రి పాత అలవాటు కొద్దీ ఉంచినది.

ప్రశ్న: పందెం లేకుండా ఊరికే తిరిగే ‘ఫ్రీ రోమ్’ బాగుందని మా అబ్బాయి అంటాడు, సమీక్షలేమో ఖాళీగా ఉందంటున్నాయి. ఎవరి మాట నమ్మాలి? — ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఇద్దరి మాటా నమ్మవచ్చు. ఆ ప్రపంచంలో పీ స్విచ్‌లనే నీలం రంగు మీటలు వందల సంఖ్యలో దాగి ఉంటాయి, తాకితే చిన్న పరీక్ష ఒకటి మొదలవుతుంది. అవి కాక ప్రశ్నార్థకం గుర్తు పలకలు, పీచ్ పతకాలు ఉన్నాయి. ఇవన్నీ పూర్తిచేస్తే దొరికేవి ఎక్కువగా బండికి అంటించుకునే స్టిక్కర్లే. ఎన్ని దొరికాయో, ఎక్కడెక్కడ మిగిలాయో పటం మీద సవ్యంగా చూపించే ఏర్పాటు కూడా విడుదల నాటికి లేదు. ఎదిగిన విమర్శకులు ప్రతిఫలం అడిగారు, మీ అబ్బాయి ప్రతిఫలం అడగకుండా సముద్రపు ఒడ్డున బండి తోలుకుంటున్నాడు.

ప్రశ్న: మొదటి స్థానంలో ఉండి గెలుస్తున్నాననుకునేసరికి నీలం తాబేలు చిప్ప వచ్చి కొడుతుంది. లేవబోతుండగా ఇంకొకటి తగులుతుంది. చివరికి తొమ్మిదో స్థానం. నేర్పుకు విలువలేని ఇటువంటి ఆటను పెద్దపెద్ద విమర్శకులు ఎలా మెచ్చుకుంటారు? — ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ బాధ 1996 నాటిది. ఆ సంవత్సరం వచ్చిన ‘మారియో కార్ట్ 64’లోనే ముందున్నవాడిని వెతికి కొట్టే ఆ ముళ్ల చిప్ప ఆయుధం మొదటిసారి కనబడింది, అప్పటి నుంచి దానిని తిట్టని ఆటగాడు లేడు. దారిలో దొరికే వస్తువులలో వెనకబడినవాడికి బలమైన ఆయుధం, ముందున్నవాడికి అరటి తొక్కో, నాణెమో దక్కేలా చూడటం ఈ ఆటల ప్రాథమిక సూత్రం. తాతయ్య, మనవరాలు పక్కపక్కన కూర్చుని ఆడినా చివరి మలుపు వరకు ఎవరు గెలుస్తారో తెలియకుండా ఉండటానికే ఆ సూత్రం పెట్టుకున్నారు. విమర్శకులు దానిని లోపంగా కాక, ఈ తరహా ఆట లక్షణంగానే చూస్తారు. కబడ్డీలో పట్టుకోవడం ఎందుకని ఎవరూ అడగరు కదా.

అయితే ఈసారి మీ ఫిర్యాదులో కొత్త బలం ఉంది, దానిని కొందరు సమీక్షకులు కూడా గుర్తించారు. పోటీదారులు రెట్టింపయ్యేసరికి గాలిలో ఎగిరే ఆయుధాలు కూడా పెరిగాయి. వెడల్పైన రోడ్డు మీద మధ్య వరుసలో చిక్కుకున్నవాడు ఎటు నుంచి ఏం తగిలిందో తెలుసుకునేలోపే రెండవ దెబ్బ తింటాడు. ఒక్క దెబ్బకు పాత ఆటలో మూడు స్థానాలు పోతే ఇప్పుడు పది పోవచ్చు. దీనికి విరుగుడుగా కాలాన్ని వెనక్కి తిప్పే ‘రివైండ్’ ఇచ్చారు కానీ, మనం వెనక్కి వెళుతున్నంతసేపూ మిగతా బండ్లు ముందుకే పోతుంటాయి కాబట్టి దెబ్బ తిన్నప్పటికంటే, గోతిలో పడినప్పుడే అది అక్కరకొస్తుంది. మొదటి స్థానం కోసం మొదటి నుంచీ ఆరాటపడకుండా, రెండు మూడు స్థానాల్లో రక్షణ వస్తువు ఒకటి వెనక పట్టుకుని సాగి, చివరి చుట్టులో ముందుకు రావడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతి. మీరు కూడా ప్రయత్నించి చూడండి.

ప్రశ్న: ఇక్కడ ఈ ఆట ఒక్కదానికే ఎనభై డాలర్లు. ధర విషయంలో అంత గొడవ జరిగినా సమీక్షలలో దానికి మార్కులు తగ్గించినట్టు కనబడలేదు. విమర్శకులకు ధర పట్టదా? — ఒక పాఠకుడు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: 2025 ఏప్రిల్ 2న ఆటను, యంత్రాన్ని పరిచయం చేసినప్పుడు ధరే పెద్ద వార్త అయింది. విడి ఆటకు 79.99 డాలర్లు పెట్టారు, అంతకు ముందు ‘8 డీలక్స్’ ధర 59.99. ఆ వారం నింటెండో నడిపిన ప్రత్యక్ష ప్రసారాల పక్కన చాట్ పెట్టె నిండా ధర తగ్గించమన్న కేకలే వినబడ్డాయి. యంత్రం ఒక్కటే కొంటే 449.99, ఆటతో కలిపి కొంటే 499.99 డాలర్లు కావడంతో, మొదట్లో కొన్నవారిలో చాలామందికి ఆట ఆచరణలో యాభై డాలర్లకే పడింది. సమీక్షకులలో కొందరు తీర్పులో ధరను ప్రస్తావించి, మార్కులను మాత్రం ఆట గుణాన్ని బట్టే ఇచ్చారు.

నేనైతే ఇందులో వారిని పూర్తిగా సమర్థించలేను. ధర కాలంతో, దేశంతో మారుతుంది కాబట్టి మార్కులలో కలపకూడదన్న వాదన సబబే. అయినా ‘8 డీలక్స్’లో అదనపు దారులు కూడా కొనుక్కున్నవారికి ఇప్పటికే 96 దారులు ఉన్నాయి, కొత్త ఆటలో ఉన్నవి 30. విడివిడిగా లెక్కపెట్టడం అన్యాయమని, కలిపే రోడ్లు కూడా దారులేనని నింటెండో పక్షం వాదించవచ్చు. ఆ రోడ్లే పేచీగా ఉన్నప్పుడు ఆ లెక్క అందరికీ రుచించదు. పాత ఆటలోని అత్యంత వేగవంతమైన 200 సీసీ తరగతి కూడా కొత్తదానిలో విడుదల నాటికి లేదు. యాభై డాలర్లకు కొన్న మీ పక్కింటివారి తీర్పు, ఎనభైకి కొన్న మీ తీర్పు ఒకటిగా ఉండవలసిన పని లేదు.

మన దేశంలో నింటెండో అధికారికంగా అమ్మకాలు సాగించడం లేదు కాబట్టి ఇక్కడివారికి ఇది బంధువుల సంచిలోనో, దిగుమతి దుకాణాల్లోనో దొరికే వస్తువు. జపాన్‌లో ఉన్న బంధువులతో తెప్పించుకునేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. అక్కడ 2025లో 49,980 యెన్లకు చౌకగా విడుదలైన యంత్రం జపనీస్ భాషలో మాత్రమే పనిచేస్తుంది, జపాన్ ఖాతా మాత్రమే స్వీకరిస్తుంది.

ప్రశ్న: సమీక్షలు వచ్చిన తరువాత ఆటగాళ్లు నింటెండో మీద తిరగబడ్డారని చదివాను. విమర్శకులు ముందే ఆ తప్పును ఎందుకు పట్టుకోలేకపోయారు? — ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: పట్టుకోవడానికి అప్పటికి ఆ తప్పు పుట్టనేలేదు. ఈసారి సమీక్షకులకు యంత్రం విడుదలకు ముందు సావకాశంగా అందలేదు. చాలామంది విడుదల రోజున లేదా దానికి ముందురోజు మొదలుపెట్టి, మొదట ‘సమీక్ష కొనసాగుతున్నది’ అన్న గమనికతో తొలి అభిప్రాయాలు రాసి, కొన్ని రోజుల తరువాత తుది మార్కులు వేశారు. అప్పటికి ఇంటర్నెట్‌లో ఆడేవారికి ఒక వెసులుబాటు ఉండేది. తరువాతి పందేనికి ఎక్కడికి వెళ్లాలో ఓటు వేసేటప్పుడు, దగ్గరలోని దారులతో పాటు ‘రాండమ్’ అన్న ఎంపిక కూడా ఉంటుంది. దానిని ఎంచుకుంటే కలిపే రోడ్డు లేకుండా నేరుగా మూడు చుట్ల పందెం దొరికేది. ఆటగాళ్లు వరుసగా రాండమ్‌కే ఓటు వేయసాగారు. తమకు ఏ పద్ధతి ఇష్టమో ఇంతకంటే స్పష్టంగా ఎలా చెబుతారు?

జూన్ చివర్లో వచ్చిన ఒక అప్‌డేట్‌తో నింటెండో ఆ కిటికీ మూసేసింది, రాండమ్ ఎంచుకున్నా కలిపే రోడ్డు మీదుగానే వెళ్లవలసి వచ్చింది. దాని మీద రేగిన కోపమే మీరు చదివినది. తరువాత వచ్చిన అప్‌డేట్లలో చుట్ల పందేలు మునుపటికంటే తరచుగా ఎంపికలోకి వచ్చేలా సర్దుబాటు చేశారు. విమర్శకులు మర్యాదగా రాసిన ‘రోడ్లు కొంచెం చప్పగా ఉన్నాయి’ అన్న మాటను ఆటగాళ్లు ఓట్ల రూపంలో చెప్పారు. ఆట మారింది, జూన్‌లో వేసిన మార్కులు మాత్రం అలాగే ఉన్నాయి. ఇప్పుడు కొనేవారు ఆ నాటి సమీక్షను ఆ నాటి ఆటకు రాసినదిగానే చదువుకోవాలి.

ప్రశ్న: ఇంత విమర్శ వచ్చినా అమ్మకాలు తగ్గలేదా? — ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తగ్గలేదు. 2025 సెప్టెంబరు చివరికి కోటీ మూడు లక్షలకు పైగా స్విచ్ 2 యంత్రాలు అమ్ముడైతే, ఈ ఆట ప్రతులు 95 లక్షలు దాటాయి. అయితే యంత్రంతో కలిపి ఇచ్చినవి కూడా ఇందులో ఉన్నాయి కాబట్టి దీనిని ప్రజాతీర్పుగా చూపించడం కుదరదు.

ప్రశ్న: ‘సోనిక్ రేసింగ్: క్రాస్‌వరల్డ్స్’ దీనికంటే మేలని మా హాస్టల్‌లో వాదన నడుస్తున్నది. సమీక్షలు ఏమంటున్నాయి? — ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: సెగా సంస్థ 2025 సెప్టెంబరు 25న విడుదల చేసిన ఆ ఆటకు కూడా మంచి పేరే వచ్చింది, సగటు మార్కులు మాత్రం ‘మారియో కార్ట్ వరల్డ్’ కంటే కొంచెం తక్కువ. దాని ప్రచార చిత్రాలలో సెగా పాత పగను దాచుకోకుండా ప్రత్యర్థి మీద చెణుకులు విసిరింది. తొంభైలలో ఈ రెండు సంస్థల వైరం తెలిసినవారికి అవి నవ్వు తెప్పించాయి.

విచిత్రమేమిటంటే, రెండు ఆటలూ ఒకే సమస్యను ఎదురెదురు దిక్కుల నుంచి పరిష్కరించబోయాయి. మూడు చుట్ల పందెం పాతబడింది, దానికి కొత్తదనం ఎలా తేవాలి? నింటెండో దారులను రోడ్లతో కలిపింది. సెగా రోడ్డే లేకుండా చేసింది. మొదటి చుట్టు ముగిసేసరికి ముందున్నవాడు రెండు పెద్ద ఉంగరాలలో ఒకదానిని ఎంచుకుంటాడు, అందరూ అందులో దూరి మరో లోకంలో రెండవ చుట్టు తిరుగుతారు, మూడవ చుట్టుకు అసలు దారికి వస్తారు, అప్పటికి ఆ దారిలో కొన్ని మార్పులు జరిగి ఉంటాయి. మధ్యలో ప్రయాణం అంటూ ఉండదు. పోటీదారులు పన్నెండు మందే కావడం, బండికి ఏయే శక్తులుండాలో పలక మీద మనమే అమర్చుకునే ఏర్పాటు ఉండటం పట్టుదలగా ఆడేవారికి నచ్చాయి. వేరువేరు యంత్రాలవారు కలిసి ఆడగలగడం కూడా మెప్పు పొందింది. ఆయుధాల తాకిడి మరీ ఎక్కువనీ, ఒంటరిగా ఆడేవారిని నడిపించే కథ వంటిది లేదనీ కొందరు తప్పుపట్టారు. ఒక ప్రపంచంలో ఉన్నామన్న భావన కూడా అందులో కలగదు. ఒక సముద్రపు దారి నుంచి డైనోసార్ల లోకంలోకి దూకినప్పుడు కళ్లు చెదురుతాయి తప్ప, ఆ రెండిటి మధ్య ఏముందో తెలియదు.

మీ హాస్టల్ వాదనకు నా ఓటు అడిగితే, ఒక్క పందేన్ని బట్టి అయితే సోనిక్‌కు, ఒక సాయంత్రాన్ని బట్టి అయితే నాకౌట్ టూర్‌కు వేస్తాను. మీ గదిలో కంప్యూటరో, ప్లేస్టేషనో మాత్రమే ఉంటే ఈ వాదన అక్కడే తేలిపోతుంది, ఎందుకంటే మారియో స్విచ్ 2 దాటి ఎక్కడికీ రాడు.

ప్రశ్న: డల్లాస్ నుంచి వచ్చిన మనవడు ఈ ఆట ఆడమని చేతికి రిమోట్ వంటిది ఇస్తున్నాడు. నాకు అరవై ఎనిమిదేళ్లు. సమీక్షలు రాసేవారు మా వంటివారి గురించి ఏమైనా రాశారా? — ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రాశారమ్మా. కొత్తవారిని చేయి పట్టుకుని నడిపించే ఏర్పాట్లు ఈ ఆటలో ఉన్నాయని, కుటుంబమంతా కలిసి ఆడుకోవడానికి అనువైనదని చాలామంది మెచ్చుకున్నారు. బండి రోడ్డు దాటి పడిపోకుండా తానే కాసుకునే ‘స్మార్ట్ స్టీరింగ్’, బటన్ నొక్కకుండానే సాగిపోయే ‘ఆటో యాక్సిలరేట్’, చేతిలోనిదాన్ని స్టీరింగ్‌లా పక్కకు వంచితే బండి తిరిగే పద్ధతి, ఈ మూడింటినీ మీ మనవడిచేత ఆన్ చేయించండి. వేగం 50 సీసీ పెట్టమనండి. మొదటిసారి గ్రాండ్ ప్రి ఆడండి, నాకౌట్ టూర్ వద్దు, అందులో తొలి గీత దగ్గరే బయటికి పంపేస్తారు. నేను ఇంతసేపు తప్పుపట్టిన ఆ పొడవాటి తిన్నని రోడ్లు మీకు మాత్రం హాయిగా ఉంటాయి. పాత్రల వరుసలో ఒక ఆవు కూడా ఉంది. పాత ఆటలో రోడ్డు పక్కన మేస్తూ ఉండేది, ఈసారి బండెక్కింది, విడుదలకు ముందే లోకమంతా దాని అభిమానులైపోయింది. మీ మనవడు మారియోను తీసుకునేలోపే మీరు ఆవును తీసుకోండి.